పది మీటర్ల ఎయిర్ పిస్టల్ కొనేముందు: ఏది ఎవరికి సరిపోతుంది

ఎయిర్ పిస్టల్ కొందామనుకునేవాళ్లు మొదట అడిగేది మోరినీ మంచిదా, స్టెయర్ మంచిదా అని. రెండూ మంచివే. వాటిలో ఏదీ మీ స్కోరుకు అడ్డం పడదు. అడ్డం పడేవి వేరే ఉన్నాయి: అరచేతికి నప్పని గ్రిప్పు, పిస్టల్ సిలిండర్‌లో గాలి నింపే చోటు ఊళ్లో లేకపోవడం, గాలి కారకుండా ఆపే సీలు పోతే పిస్టల్‌ని వేరే రాష్ట్రానికి పంపి వారాల తరబడి ఎదురుచూడటం. విజయవాడలోనో గుంటూరులోనో ఉండి ఆడేవాళ్లకు గాలి, రిపేరు అన్నవి ఢిల్లీ, పుణె వాళ్లకన్నా పెద్ద తలనొప్పి. అందుకే మోడళ్ల పేర్ల దగ్గరికి కాస్త ఆలస్యంగా వద్దాం.

ముందు ఏ ఈవెంటుకో తేల్చుకోవాలి. 25 మీటర్ల స్పోర్ట్ పిస్టల్ .22 తూటాలు పేల్చే తుపాకీ. దానికి ఆయుధ లైసెన్సు కావాలి, తూటాల లెక్క ఉంటుంది, రేంజి కూడా వేరే. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి ఆ బాధ లేదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం కాలిబర్, అంటే గొట్టం లోపలి వెడల్పు, .177 అంగుళాలు దాటకుండా, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే మ్యాచ్ పిస్టల్ అర గ్రాము పెల్లెట్‌ని, అంటే చిన్న సీసపు గుండుని, సెకనుకు 150 మీటర్ల వేగంతో వదిలినా శక్తి ఆరు జౌళ్లకు మించదు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ రెండు ఈవెంట్లూ ఆడుతుంది గదా అని మొదటి నెలలోనే రెంటి గురించీ ఆలోచించకండి. ట్రిగ్గర్ మీద వేలు కుదిరేది పది మీటర్ల దగ్గరే.

రూల్ బుక్కులో మీ కొనుగోలుకు సంబంధించిన అంకెలు కొన్నే. కాలిబర్ 4.5 మి.మీ. ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి పట్టే బలం, 500 గ్రాములకు తగ్గకూడదు. పిస్టల్ 1500 గ్రాములు దాటకూడదు. మొత్తం పిస్టల్ 420 × 200 × 50 మి.మీ. పెట్టెలో పట్టాలి. గురి చూసే సైట్లు తెరిచినవే, వాటికి అద్దాలు ఉండకూడదు. ఒంటిచేత్తో 60 షాట్లు, 75 నిమిషాలు. టార్గెట్ నల్లటి భాగం 59.5 మి.మీ., పది రింగు 11.5 మి.మీ. అంటే రూపాయి నాణెంలో సగం.

ఇప్పుడొక లెక్క చూడండి. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం 330 మి.మీ. అనుకుందాం. వెనక సైటు గాడిలో ముందు సైటు అర మిల్లీమీటరు పక్కకి జరిగితే పది మీటర్ల దగ్గర పెల్లెట్ 15 మి.మీ. తప్పుతుంది. తొమ్మిది అంచుకి తగులుతుంది. ఒక మిల్లీమీటరు జరిగితే ఏడు. అదే సైట్లు సరిగ్గా ఉండి చెయ్యి మొత్తం ఐదు మిల్లీమీటర్లు పక్కకి ఊగిందనుకోండి, పెల్లెట్ కూడా ఐదే తప్పుతుంది, పదే వస్తుంది. చెయ్యి ఊగడం కన్నా మణికట్టు తిరగడమే పెద్ద నష్టం అన్నమాట. మణికట్టును తిప్పేవి రెండు: నప్పని గ్రిప్పు, గీరుకుపోయే ట్రిగ్గర్. పిస్టల్ ఎంచుకోవడమంటే ప్రధానంగా ఈ రెంటినీ చూసుకోవడమే.

గ్రిప్పు

కంపెనీలు ఎక్స్‌ఎస్, ఎస్, ఎం, ఎల్ అని సైజులిస్తాయి, కానీ ఒక కంపెనీ ఎం ఇంకో కంపెనీ ఎస్‌తో సమానం కావచ్చు. పెద్ద చెయ్యి కదా అని ఎల్ తీసుకునే అబ్బాయిలు ఎక్కువ, అందులో సగం మందికి ఎం సరిపోతుంది. గ్రిప్పు కాస్త చిన్నదైతే పుట్టీ పెట్టి పెంచుకోవచ్చు. పెద్దదైతే చెక్క చెక్కాలి, చెక్కింది మళ్లీ రాదు. సందేహం ఉంటే చిన్నదే తీసుకోండి.

చేతిలో పెట్టుకుని చూడాల్సినవి ఇవి. బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య పలచటి చర్మం గ్రిప్పు పైభాగంలోకి, ఎంత పైకి పోగలిగితే అంత పైకి, కూర్చోవాలి. కింద మూడు వేళ్లు గ్రిప్పుని తిన్నగా వెనక్కి లాగుతున్నట్టు ఉండాలి. చూపుడువేలు చెక్కకి ఎక్కడా ఆనకూడదు. ఆనితే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పిస్టల్ పక్కకి తోసుకుపోతుంది. ట్రిగ్గర్ మీద వేలి మొదటి కణుపు మధ్యభాగం పడాలి. ట్రిగ్గర్ బ్లేడుని ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలు మంచి పిస్టళ్లన్నిటికీ ఉంటుంది. అరచేతి కింది పలక చేతికి తగలాలి గానీ పట్టకారులా బిగించకూడదు. బిగిస్తే పది నిమిషాలకే చెయ్యి వణకడం మొదలవుతుంది.

ఆ తర్వాత కళ్లు మూసుకుని పిస్టల్ ఎత్తండి. సుఖంగా ఉన్న చోట ఆపి కళ్లు తెరవండి. ముందు సైటు గాడి మధ్యలో ఉందా? పదిసార్లు చేసి ప్రతిసారీ ఎటు పోయిందో రాసుకోండి. ఎక్కువసార్లు ఒకే వైపుకి పోతుంటే తప్పు గ్రిప్పుది, అన్ని వైపులా చెదురుతుంటే తప్పు మీ పట్టుది. పైకో కిందికో పోతుంటే గ్రిప్పు కోణం మార్చే స్క్రూలతో సరవుతుంది. పక్కకి పోతుంటే అరచేతి దగ్గర నింపాలి. వెంటనే పుట్టీ పెట్టేయకండి. మందుల షాపులో దొరికే గుడ్డ ప్లాస్టర్ రెండు మూడు పొరలు అంటించి రెండు వారాలు ఆడి చూడండి. ఆ చోటే సరైనదని తేలాక చెక్క పుట్టీగానీ ఎం-సీల్‌గానీ పలచగా పెట్టి, చేతికి సన్నటి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని పట్టుకోండి. ఒక రోజు ఆరనిచ్చి గరుకు కాగితంతో రుద్దండి. ఒకటే జాగ్రత్త: గ్రిప్పు చేతిని చుట్టేసేలా గానీ మణికట్టుకి ఆసరా ఇచ్చేలా గానీ తయారైతే పోటీకి ముందు పరికరాలు తనిఖీ చేసే ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో వెనక్కి పంపేస్తారు.

మన దగ్గర చెమట ఇంకో సమస్య. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కృష్ణా తీరంలో ఆ ఉక్కపోతకి చెక్క గ్రిప్పు తడిసి నున్నగా అవుతుంది. గరుకుగా చుక్కలు పొడిచిన గ్రిప్పే తీసుకోండి. జిమ్ముల్లో చేతులకి రాసుకునే మెగ్నీషియం కార్బొనేట్ పొడి కొద్దిగా సరిపోతుంది, టాల్కం పౌడర్ మాత్రం జారుడు పెంచుతుంది.

గాలి ఎక్కడిది?

చవకరకాల్లో ఒక్కసారి లివర్ లాగితే గాలి నిండే సింగిల్ స్ట్రోక్ పిస్టళ్లున్నాయి. గామో కాంపాక్ట్, పాత రష్యన్ ఐజెడ్‌హెచ్-46ఎం ఈ కోవలోవి. సిలిండర్ లేదు, పంపు లేదు, గేజ్ లేదు. ప్రతి షాటుకీ దాదాపు ఒకే ఒత్తిడి. ఐజెడ్‌హెచ్ బ్యారెల్ ఎంత బాగుంటుందంటే అది కొట్టగలిగినంత కచ్చితంగా కొట్టగలిగేవాళ్లు చాలా తక్కువ. చిక్కల్లా లివరే. సైటర్లతో, అంటే లెక్కలోకి రాని ట్రయల్ షాట్లతో, కలిపి మ్యాచ్‌కి ఎనభై, తొంభైసార్లు లాగాలి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు నలభయ్యో షాటుకే భుజం పట్టేస్తుంది. పైగా ఐజెడ్‌హెచ్ బరువు ఎక్కువ, ముక్కు కిందికి లాగుతుంది. పెద్దవాళ్లు ఆఫీసయ్యాక వారానికి రెండు రోజులు ఆడుకోవడానికైతే మాత్రం ఇది మంచి బేరం. గాలి నింపి కాల్చకుండా అలాగే వదిలేయకండి, సీలు అక్కడే పోతుంది.

సిలిండర్ పిస్టల్‌లో గాలి 200 బార్ ఒత్తిడితో ఉంటుంది. రెగ్యులేటర్ దాన్ని తగ్గించి ప్రతి షాటుకీ ఒకే మోతాదు ఇస్తుంది. ఒకసారి నింపితే సిలిండర్ సైజుని బట్టి 150, 200 షాట్ల దాకా వస్తాయి. గేజ్ 100 దగ్గరికి రాగానే నింపేయడం మంచి అలవాటు. మరీ తగ్గితే షాట్లు నెమ్మదిగా కిందికి దిగుతుంటాయి, మీరేమో మీ చేతిని తిట్టుకుంటుంటారు.

ఇక నింపడం సంగతి. ఆటోనగర్‌లో టైర్లకు గాలి కొట్టే కంప్రెషర్ ఇచ్చేది 8, 10 బార్, మీకు కావాల్సింది దానికి ఇరవై రెట్లు. క్లబ్బులో హై ప్రెషర్ కంప్రెషర్‌గానీ పెద్ద నిల్వ సిలిండర్‌గానీ ఉందా అని పిస్టల్ కొనకముందే అడగండి. లేకపోతే మూడు దశల హ్యాండ్ పంపు ఖర్చు కూడా కలుపుకోండి. పంపుకి తేమ పట్టే ఫిల్టర్ తప్పనిసరి. మన గాలిలో తేమ ఎక్కువ, అది సిలిండర్‌లోకి నీళ్లుగా చేరితే ముందు రెగ్యులేటర్ పాడవుతుంది. విడతకు యాభై స్ట్రోకులు కొట్టి, పంపు చల్లారాక మళ్లీ కొట్టండి. వెల్డింగ్ షాపులోనో ఆసుపత్రిలోనో దొరికే ఆక్సిజన్ మాత్రం ఏ పరిస్థితిలోనూ నింపకండి. లోపల ఉన్న గ్రీజుకి ఆ ఒత్తిడిలో ఆక్సిజన్ తగిలితే సిలిండర్ పేలుతుంది.

ఎండ సంగతి కూడా లెక్కేసుకోవాలి. 25 డిగ్రీల దగ్గర 200 బార్ నింపిన సిలిండర్‌ని మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసిన కారులో వదిలేశారనుకోండి. లోపల 60 డిగ్రీలకి చేరితే ఒత్తిడి 223 బార్ అవుతుంది. వేసవిలో 180 దగ్గరే ఆపి, పిస్టల్ పెట్టెను మీతోపాటు లోపలికి తీసుకెళ్లండి.

ఎవరైనా చవగ్గా పాత కార్బన్ డయాక్సైడ్ పిస్టల్ ఇస్తామంటే మర్యాదగా వద్దనండి. 20 డిగ్రీల దగ్గర ఆ గ్యాసు ఒత్తిడి సుమారు 57 బార్. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా ఉండనే ఉండదు, ఒత్తిడి వేడిని బట్టి ఎటంటే అటు పోతుంది. యూరప్ హాళ్లలో నడిచింది. మనకు వేసవిలో పొద్దున పదికే 31 దాటుతుంది.

మెకానికల్ ట్రిగ్గరా, ఎలక్ట్రానిక్ ట్రిగ్గరా

మోరినీ 162ఇఐ పేరు అందరికీ తెలిసిందే ఈ ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ వల్ల. స్టెయర్, వాల్తర్‌లలో కూడా ఎలక్ట్రానిక్ రకాలున్నాయి. వేలికి తగిలేది చిన్న స్విచ్చు, కాబట్టి ప్రతి షాటు ఒకేలా తెగుతుంది, అరుగుదల తక్కువ. మెకానికల్‌లో రెండు లోహపు అంచులు ఒకదాని మీంచి ఒకటి జారతాయి. బాగా సర్దితే అది కూడా గాజు పుల్ల విరిగినట్టే తెగుతుంది. దుమ్మో, ఎండిపోయిన నూనెనో చేరితే మాత్రం గీరుకుంటుంది.

ఎలక్ట్రానిక్ అయితే వేలికి హాయి. కానీ పాడైతే ఇంట్లో ఏమీ చేయలేరు, సర్క్యూట్ బోర్డు మార్చాల్సిందే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మొరాయించింది. సరిచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి, 600కి 575 కొట్టినా ఫైనల్ తప్పింది. 2024 పారిస్‌లో అదే ఈవెంట్‌లో ఆమె కాంస్యం తెచ్చుకుంది. ఆ స్థాయిలో సరంజామా మోసుకొచ్చే బృందం వెంట ఉంటుంది, రాష్ట్ర పోటీకి వెళ్లే మీకు ఉండదు. కాబట్టి మా సలహా: దగ్గర్లో ఎలక్ట్రానిక్ పిస్టల్ వాడేవాళ్లు, అవసరానికి అరువిచ్చేవాళ్లు ఉంటే ఎలక్ట్రానిక్ తీసుకోండి. ఒంటరిగా ఆడేవాళ్లయితే మెకానికల్ మేలు. ఎలక్ట్రానిక్ తీసుకుంటే కొత్త బ్యాటరీ ఒకటి ఎప్పుడూ పెట్టెలో ఉండాలి, వర్షాకాలం సిలికా జెల్ పొట్లాలు కూడా.

ఏ ట్రిగ్గరైనా సరిగ్గా 500 మీద పెట్టకండి. నిలువుగా పట్టుకున్న పిస్టల్ ట్రిగ్గర్‌కి తగిలించిన 500 గ్రాముల బరువుని, ట్రిగ్గర్ తెగకుండా, ఎత్తగలగాలి, లేకపోతే తిప్పి పంపుతారు. రవాణాలో కుదుపులకి రెండు మూడు గ్రాములు అటూఇటూ అవుతాయి. 515, 520 దగ్గర పెట్టుకుంటే ఆ గుండెదడ ఉండదు. ట్రిగ్గర్ రెండు దశల్లో కదులుతుంది, ఆ బరువులో మొదటి దశకి ఎక్కువ భాగం, 350 గ్రాముల దాకా, ఇచ్చి తెగే దశకి తక్కువ మిగిల్చితే కొత్తవాళ్లకి తేలికగా ఉంటుంది.

ఇక పేర్లు

పెద్ద బ్రాండ్ల మ్యాచ్ పిస్టళ్లు ఇంచుమించు కిలో దగ్గరే ఉంటాయి. తేడా ఆ బరువు ఎక్కడుందన్నది. మోరినీ 162లో షాటు కుదుపుని మింగే అబ్జార్బర్ లేదు. నిర్మాణం సాదా, మన దేశంలో వాడేవాళ్లు ఎక్కువ, కాబట్టి సీళ్లూ సలహాలూ దొరుకుతాయి. దీని మెకానికల్ రకం 162ఎంఐ, అంతగా ఎవరూ అడగరు గానీ మంచి పిస్టల్. స్టెయర్ ఇవో 10లో అబ్జార్బర్ ఉంది, షాటు పోయాక ముక్కు ఎగరదు. అంతకుముందు వచ్చిన ఎల్‌పీ10 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కళ్లకద్దుకుని తీసుకోవచ్చు. వాల్తర్ ఎల్‌పీ500, ఫైన్‌వెర్క్‌బౌ పి8ఎక్స్, పార్దీనీ కె12 కూడా ఇదే తరగతి. చేతిలో పెట్టుకుంటే ఏదో ఒకటి మీదే అనిపిస్తుంది, అదే తీసుకోండి. హామర్లీ ఏపీ20 వీటికన్నా చవక, తేలిక. గ్రిప్పు పెద్దగా చెక్కుకునే రకం కాదు గానీ సన్నటి చేతుల జూనియర్లకు మొదటి రెండేళ్లకి నిక్షేపంగా సరిపోతుంది.

అబ్జార్బర్ కోసం అదనంగా ఖర్చుపెట్టాలా అంటే, మొదటి పిస్టల్‌కి వద్దు. పెల్లెట్ బ్యారెల్ దాటాక వచ్చే కుదుపు స్కోరుని మార్చదు, అబ్జార్బర్ షాటు ఎటు పోయిందో చదువుకోవడానికి పనికొస్తుంది అంతే. పొడుగు బ్యారెలా పొట్టిదా అన్నదానికి భుజమే జవాబు. పొడుగుదానికి సైట్ల మధ్య దూరం ఎక్కువ, ముక్కు బరువు ఎక్కువ, నిలకడ ఎక్కువ. కానీ అరవయ్యో షాటు దాకా మోయగలగాలి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు పొట్టిదే. బరువు చాలకపోతే తర్వాత తగిలించుకోవచ్చు.

అసలు ఎప్పుడు కొనాలి? క్లబ్బు పిస్టల్‌తో మూడు నెలలు ఆడండి. అరవై షాట్లకు 540 దాటేదాకా పిస్టల్ మార్చడం వల్ల వచ్చేది తక్కువ, గోడ ముందు నిలబడి పెల్లెట్ లేకుండా డ్రై ఫైరింగ్ చేయడం వల్ల వచ్చేది ఎక్కువ. మూడు మీటర్ల దూరంలో 18 మి.మీ. నల్లటి గుండ్రం కాగితం అంటిస్తే కంటికి రేంజి టార్గెట్ అంతే కనబడుతుంది. బ్రాడీపేట డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ హాల్లో కూడా ఆ మూడు మీటర్లు దొరుకుతాయి.

సెకండ్ హ్యాండ్ అయితే

చాలామంది మొదటి మ్యాచ్ పిస్టల్ ఇలాగే వస్తుంది, తప్పేం లేదు. మొదట చూడాల్సింది సిలిండర్ మీద చెక్కిన తేదీ. గడువు, సాధారణంగా పదేళ్లు, దాటిన సిలిండర్‌ని పోటీలో ఒప్పుకోరు. పిస్టల్‌తో ఇచ్చే సిలిండర్లన్నీ గడువు దాటినవైతే కొత్తవాటి ధర బేరంలో తగ్గించమనాలి. గాలి నింపి గేజ్ ఫొటో తీసుకోండి, మర్నాడు అదే వేళకి మళ్లీ చూడండి. వేళ మారితే వేడి తేడాకే ముల్లు కదులుతుంది, లీకని భయపడతారు. ముల్లు దిగితే సబ్బు నురుగు రాసి ఎక్కడ బుడగలొస్తున్నాయో చూడండి. సిలిండర్ కలిసే చోట అయితే చిన్న ఓ-రింగు, చవక పని. బ్యారెల్ వైపు అయితే లోపలి సీళ్లు, ఖర్చు.

ట్రిగ్గర్ బరువు పదిసార్లు కొలవండి, కొలిచిన ప్రతిసారీ పది గ్రాములకు మించి తేడా వస్తుంటే వదిలేయండి. ఇసుక సంచి మీద ఆనించి పది షాట్లు కొట్టండి, అన్నీ కలిపి పది రింగులో ఇమిడే ఒక్క చిరుగు కావాలి. ఇమడకపోతే పెల్లెట్ మార్చి మళ్లీ చూడండి. 4.49, 4.50, 4.51 సైజులున్నాయి, ఒక్కో బ్యారెల్‌కి ఒక్కోటి పడుతుంది. బ్యారెల్ చివర అంచుకి చిన్న నొక్కు ఉన్నా గుంపు చెదురుతుంది. పాత యజమాని గ్రిప్పు చెక్కేసి ఉంటే దాన్ని లేనట్టే లెక్కేసి ధర మాట్లాడండి.

అసలు బిల్లు, సీరియల్ నంబరు రెండూ సరిపోవాలి. దిగుమతి పిస్టల్ అయితే దిగుమతి కాగితాల నకలు కూడా అడగండి. కాగితాల్లేని పిస్టల్ ఎంత చవకైనా, బెజవాడ జంక్షన్‌లో పెట్టె తెరిచి చూపించమన్నప్పుడు దాని అసలు ధర తెలుస్తుంది. రైల్లో వెళ్లేటప్పుడు బిల్లు నకలు, గుర్తింపు కార్డు, పోటీ ఎంట్రీ కాగితం పెట్టెలోనే ఉంచండి. బ్యారెల్‌లో పెల్లెట్ లేదని చూపే సేఫ్టీ ఫ్లాగ్, పెట్టెకి తాళం ఉండాలి. గన్నవరం నుంచి విమానమైతే ఎయిర్‌లైన్‌కి ముందే చెప్పి, సిలిండర్ విప్పి పూర్తిగా ఖాళీ చేసి, చెక్-ఇన్ సామానులోనే వేయండి. అవతల నింపుకోవడానికి అడాప్టర్ మర్చిపోకండి. ఒక్కో బ్రాండు మర ఒక్కోలా ఉంటుంది, మోరినీ అడాప్టర్ స్టెయర్ సిలిండర్‌కి ఎక్కదు.